మేస్త్రి గారి అరచెయ్యి

మా మేస్త్రి గారు పోయారన్న కబురు వచ్చేటప్పటికి నేను ఖల్లికోటలో ఒక పాత జీపు కింద వెల్లకిలా పడుకుని ఉన్నాను. ఫోను చేసింది ఆయన ఇల్లాలు. ఆవిడను నేను పెద్దమ్మ అని పిలుస్తాను. "గుంటా, మీ మేస్త్రి గారు ఎల్లిపోయారే," అన్నారు. పొద్దున్న టీ తాగి, సాసరు కింద పెట్టి, గోడకు ఆనుకుని కూర్చున్నారట. మళ్లీ లేవలేదు. ఇప్పుడే బయలుదేరుతున్నానని చెప్పాను. ఆవిడ వెంటనే, "ఏటి ఇప్పేసి ఉంచినావు?" అని అడిగారు. బ్రేకు పైపులన్నాను. "బిగించీసి రా. సగంలో ఒగ్గీసి వచ్చినావంటే ఆయన ఒప్పుకోరు," అన్నారు.

బిగించాను. రెండుసార్లు సరిచూసుకున్నాను. తరువాత స్టేషనుకు నడిచి బరంపురం వెళ్లే పాసింజరు ఎక్కాను. రంభ దాటేదాకా కిటికీలో చిలికా సరస్సు నీళ్లు కనబడుతూనే ఉన్నాయి. నా గోళ్లలో గ్రీజు అలాగే ఉంది. ఎదుటి సీటులో ఒకామె నా చేతులనూ నా ముఖాన్నీ మార్చి మార్చి చూసి, ఏం పని చేస్తావమ్మా అని ఒడియాలో అడిగింది. మెకానిక్కునని చెప్పాను. ఆ మాట అనగలిగే స్థితికి నన్ను తెచ్చిన మనిషి ఆ పూటే పోయారని ఆమెకు చెప్పలేదు. ఇక్కడ మీకు చెబుతున్నాను.

బరంపురంలో పాత అంబాసిడర్ ఉన్నవాళ్లకు ఆయన ఎవరో తెలుసు. గోపాల్‌పూర్ వెళ్లే రోడ్డు మీద, ఊరు పల్చబడే చోట, ఇంటి వెనక రేకుల షెడ్డు ఆయనది. బోర్డు లేదు. నలభై ఏళ్లకు పైగా అందులో ఆయన చేసింది ఒకటే పని, పాత కార్లను మళ్లీ రోడ్డెక్కించడం. పాతబండి అని మాత్రం అనేవారు కాదు, పెద్దబండి అనేవారు. ఎవరైనా తుక్కు అంటే ఆ మనిషితో ఆ రోజుకు మాటలు అయిపోయినట్టే.

మెకానిక్కులందరూ ఖాకీయో నల్లదో తొడుక్కుంటారు. ఆయన తెల్ల చొక్కా వేసుకునేవారు. పెద్దమ్మ ఆ చొక్కాలు ఉతకలేక రోజూ సణిగేవారు. ఆయన సమాధానం ఒకటే. "నల్ల సొక్కా మీద నూనె అంటితే ఎక్కడ కారుతోందో నాకెలాగ తెలుత్తాది?" నిజంగానే సాయంత్రం చొక్కా విప్పి, వెలుతురుకు పట్టి, ఈ మరక గేరుబాక్సు వెనక సీలుది, ఇది డిఫరెన్షియల్‌ది అని చూపించేవారు. నేను మొదటి వారం నవ్వాను. రెండో వారం చొక్కా చూపించినచోట చెయ్యి పెడితే నూనె తగిలింది.

కారు షెడ్డులోకి వచ్చిన మొదటి రోజు ఆయన పనిముట్టు ముట్టుకునేవారు కాదు. ముందు డ్రైవరు సీటులో కూర్చునేవారు. తరువాత పక్క సీటులో, వెనక కుడివైపు, వెనక ఎడమవైపు. ప్రతి చోటా పది నిమిషాలు. తలుపు మీద, డాష్‌బోర్డు మీద అరచెయ్యి ఆనించి ఉంచేవారు. ఆయన అరచెయ్యి వెడల్పుగా, పలకలా ఉండేది. రేకు కింద తుప్పు ఎక్కడ తింటోందో, పుట్టీ ఎక్కడ మెత్తారో దానికే తెలిసేది. కళ్లతో చూసి చెప్పిన మాటను చేత్తో తడిమి చూశాక మార్చుకోవడం చాలాసార్లు చూశాను. చేత్తో చెప్పిన మాటను మార్చుకోవడం చూడలేదు.

నేను ఆయన దగ్గరికి ఎలా చేరానో చెప్పాలి.

మాది సోనేపూర్, సముద్రం ఒడ్డు. మా నాన్న పారాదీప్‌లో మరపడవల మీద పని చేస్తాడు. వేట నిషేధం పెట్టిన రెండు నెలలే ఇంటి దగ్గర ఉంటాడు. అమ్మ బుట్టతో చేపలు తీసుకుని బరంపురం బజారుకు వస్తుంది. మా ఇంట్లో బడికి వెళ్లినదాన్ని నేనే. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా చేతికొచ్చిన రోజు అమ్మ దాన్ని తలకిందులుగా పట్టుకుని, బాగుందని మురిసిపోయింది. ఆ తరువాత ఏడాది పాటు ఊళ్లో గ్యారేజీలన్నీ తిరిగాను. ముందు గదిలో కూర్చుని ఫోన్లెత్తుతావా అన్నవాళ్లు ఉన్నారు. పానా ఇచ్చి చూసినవాళ్లు లేరు. నాన్న పారాదీప్ నుంచి ఫోనులో ఒక గడువు పెట్టాడు. నిషేధానికి తాను ఇంటికి వచ్చేలోగా నిలకడైన పని దొరక్కపోతే, చత్రపురం దగ్గర రొయ్యల కంపెనీలో మేనత్త మాట్లాడి ఉంచిన పనిలో చేరాలి. ఆయన మాటలో కోపం లేదు. మేం ముగ్గురు అక్కచెల్లెళ్లం. నేను ఒక్కదాన్నే అన్నేళ్లు చదువుకున్నాను.

అప్పుడే మేస్త్రి గారి షెడ్డులోకి ఆ అంబాసిడర్ వచ్చింది. పప్పుల హోల్‌సేల్ చేసే ఒక షావుకారు గారిది. ఆయన తండ్రి కొన్న కారు. లేత ఆకుపచ్చ రంగు, గుండ్రటి లైట్లు, ముందు ఒకే పొడుగు సీటు. ఇంజను బ్లాకు పగిలిపోయింది, పనికిరాదు. షావుకారు గారు అమ్మదలచుకోలేదు. పైకి తన తండ్రి నడిపిన కారులాగే ఉండాలి, లోపల మాత్రం కరెంటు మోటారుతో, బ్యాటరీతో నడవాలి, ఏసీ ఉండాలి. ఇదీ ఆయన కోరిక. మేస్త్రి గారు వారం రోజులు ఆలోచించారు. పెట్రోలు వాసన తనకు తెలుసుననీ, కరెంటుకు వాసనుండదనీ పెద్దమ్మతో అన్నారట. ఆఖరికి తెల్ల చొక్కాతోనే మా పాలిటెక్నిక్‌కు వెళ్లి, కరెంటు తెలిసిన మనిషి కావాలని మా లెక్చరర్‌ను అడిగారు. ఆయన నా పేరు చెప్పారు.

మొదటి రోజు మేస్త్రి గారు నన్ను ఎగాదిగా చూడలేదు, ఆడపిల్లవు ఎలా చేస్తావని అడగలేదు. కరెంటు మోటారు కిట్టుతో వచ్చిన ఇంగ్లీషు పుస్తకం నా ముందు పడేసి, "ఇదేటో బండి బాసలో సెప్పు," అన్నారు. నేను చదివాను, ఆయన వింటూ షెడ్డు నేల మీద సుద్దముక్కతో గీశారు. మోటారు తిరిగే జోరును అదుపులో పెట్టే పెట్టెను చూపించి ఇదేమిటన్నారు. యాక్సిలరేటరు ఎంత తొక్కితే అంత కరెంటు వదులుతుందని చెప్పాను. "అయితే కార్బరేటర్ అన్నమాట. అలాగ సెప్పొచ్చు కదా," అన్నారు. పుస్తకంలో ఉన్న ప్రతి దానికీ ఆయన దగ్గర ఒక పాత చుట్టం ఉండేది. దాన్ని కనుక్కున్నాక ఇక అడిగేవారు కాదు. ఆరు నెలలు నేర్చుకో, ఆ తరువాత పనికొస్తావో లేదో చెబుతానన్నారు. నాన్న గడువు రెండు నెలల్లో ఉంది. ఆ సంగతి చెబితే, "మీ నాన్న పెట్టిన గడువు మీ నాన్నది, నా గడువు నాది," అనేసి పనిలోకి వెళ్లిపోయారు.

ఆ రెండు నెలల్లో నేను నేర్చుకున్నది పాలిటెక్నిక్ మూడేళ్లలో నేర్చుకోలేదు. పాత గేరుబాక్సును ఉంచి, దానికి మోటారును కలిపే ఉక్కు బిళ్లను ఆయన లేతు మిషను మీద మూడుసార్లు తీయించారు. కొలతలన్నీ సరిపోయాయని నేను కొలిచి చూపించినా, మొదటి రెండూ ఆయన చేతికి నచ్చలేదు. మూడోది బిగించాక మాట్లాడకుండా టీకి వెళ్లారు. అదే మెచ్చుకోలు. టీ ఆయన సాసరులోనే తాగేవారు. గ్లాసులో ఇస్తే చల్లారేదాకా ఒక నట్టుకు మరలు సవరిస్తూ కూర్చునేవారు.

ఇక నేను చేసిన తప్పు సంగతికి వస్తాను.

వెనక డిక్కీలో, సీటు కింద బ్యాటరీలు కూర్చోవాలి. అక్కడి నేల రేకు తుప్పు తినేసింది కాబట్టి కోసేసి, కొత్త రేకు వెల్డింగు చేశాం. దాని మీద ఎర్రరంగు ప్రైమరు కొట్టాలి. ఈలోగా పెద్దమ్మకు కంటి ఆపరేషను వచ్చింది. మేస్త్రి గారు రెండు రోజులు ఆస్పత్రిలో ఉండిపోయారు. వెళ్తూ, పెయింటరు వచ్చేదాకా రేకును తుప్పు పట్టకుండా చూసుకోమని నాకు చెప్పారు. మా వైపు సముద్రపు గాలికి ఉత్త రేకు రాత్రికి రాత్రే ఎర్రబడుతుంది. ఏం చెయ్యాలో నాకు బాగా తెలుసుననుకున్నాను. మా ఊళ్లో పడవలకు ఏటేటా జీడినూనె రాస్తారు. జీడిపిక్కల తొక్కల నుంచి తీసే నల్లటి నూనె అది. దాన్ని పట్టించిన చెక్కను ఉప్పునీరు ఏమీ చెయ్యలేదు. ఇంటికి వెళ్లి సీసాడు తెచ్చాను. చేతులకు కొబ్బరినూనె దట్టంగా పూసుకున్నాను. జీడినూనె ఒంటికి తగిలితే పొక్కుతుందని మా ఊళ్లో చంటిపిల్లలకు కూడా తెలుసు. రేకంతా కుంచెతో రెండు పూతలు వేశాను. నల్లగా, నిగనిగలాడుతూ కనబడింది. చాలా సంతోషపడ్డాను.

చెక్క నూనెను పీల్చుకుంటుంది. ఇనుము పీల్చుకోదు. ఈ చిన్న సంగతి నాకు తట్టలేదు.

మేస్త్రి గారు రాకముందే పెయింటరు వచ్చి దాని మీదే ప్రైమరు కొట్టేసి వెళ్లాడు. మేస్త్రి గారు వచ్చీరాగానే తన అలవాటు ప్రకారం రేకు మీద అరచెయ్యి పెట్టి ఈ మూల నుంచి ఆ మూలకు తడిమారు. రంగు ఆయన చేతికి జిగటగా ఊడి వచ్చింది. మర్నాటికి మొత్తం రంగు పాలమీది మీగడలా ముడతలు పడి లేచింది. ఆ మర్నాటికి ఆయన కుడి అరచెయ్యి పొక్కులెక్కింది. ఆయనా పెద్దమ్మా అది ఆస్పత్రిలో చేతికి తగిలిన ఏదో మందు పడకపోవడం వల్ల అనుకున్నారు. పెయింటు డబ్బా మంచిది కాదని పెయింటరు అన్నాడు.

నాకు తెలుసు. చెప్పలేదు. రెండు రోజులు ఆ చెయ్యి చూస్తూ ఆయన పక్కనే పని చేశాను. ఆయన ఎడమ చేత్తో పానా తిప్పలేక నాకు అందిస్తుంటే తీసుకుని తిప్పాను. చెబితే పంపేస్తారని భయం. పంపేస్తే రొయ్యల కంపెనీ.

మూడో రోజు పొద్దున్న, నిషేధం మొదలై ఇంటికి వచ్చిన మా నాన్న, సంచి భుజాన వేసుకుని నేరుగా షెడ్డుకు వచ్చాడు. అదే సమయానికి షావుకారు గారు కూడా తన కారు ఎంతవరకు వచ్చిందో చూద్దామని వచ్చి, పొట్టులా లేచిపోయిన రంగును చూసి ముఖం మాడ్చుకుని నిలబడి ఉన్నారు. నాన్న చెప్పులు బయట విప్పి, చేతులు కట్టుకుని, పిల్లను తీసుకెళ్లడానికి వచ్చానని మేస్త్రి గారితో మర్యాదగా చెప్పాడు. చెబుతూ చెబుతూ ఆయన చేతి కట్టును చూశాడు. ఏమైందని అడిగాడు. మేస్త్రి గారు కట్టు విప్పి చూపించారు. నాన్న ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని, వెలుగు వైపు తిప్పాడు.

"బాబూ, ఇది జీడి పొక్కు," అన్నాడు. "పడవలకి రాసినప్పుడు మా ఊళ్లో ఏటేటా సూత్తాం. మీకెలాగొచ్చింది?"

అంటూనే ముక్కు ఎగబీల్చి, కారు వెనక్కి వెళ్లి, వంగి చూసి, నా వైపు తిరిగాడు. "ఇనప రేకుకి జీడినూనె రాసినావేటే?"

రాశానని చెప్పాను. ఆ రెండు రోజుల్లో నేను చెప్పిన మొదటి నిజం అదే.

షావుకారు గారికి కోపం వచ్చింది. రావడంలో తప్పు లేదు. పుస్తకాలు చదివిన పిల్ల చేతికి తన తండ్రి కారును ఎందుకు ఇచ్చారని మేస్త్రి గారిని నిలదీశారు. ఇలా జరుగుతుందని తనకు ముందే అనిపించిందన్నారు. నేను వెళ్లి నా టిఫిను డబ్బా తీసుకున్నాను. ఇక వెళ్లడమే అనుకున్నాను.

ఇక్కడ నన్ను కాపాడడానికి ఆ తప్పు మేస్త్రి గారు తన మీద వేసుకున్నారని మీరు అనుకుంటారేమో. ఆయన అలాంటి మనిషి కాదు. మంచైనా చెడైనా చేసిన వాళ్ల పేరే చెప్పాలనేవారు.

"మా పిల్లే సేసింది, షావుకారు గారూ," అన్నారు. "దాచి పెట్టను. నా సెడ్డులో పాడు సేసినోళ్లు బాగు సేసి కదలాలి. మీ నాన్నగారి కాలంలోనూ అదే."

తరువాత మా నాన్న వైపు తిరిగారు. "తమ్ముడూ, నువ్విప్పుడు పిల్లని తీసుకెల్లిపోతే ఇదెవులు సేత్తారు? నాకు సెయ్యి నేదు."

నాన్న ఆ చేతినే చూస్తూ, ఎన్నాళ్లు పడుతుందని అడిగాడు.

మేస్త్రి గారు కారును అటునుంచి ఇటు ఒకసారి చూసి, "మీకు సముద్రం ఎప్పుడు తెరుత్తారు?" అన్నారు.

"ఇంకా రెండు నెల్లుంది బాబూ."

"అయితే రెండు నెల్లు పడతాది."

నాన్న తల వంచుకున్నాడు. నవ్వుతున్నాడని భుజాలను బట్టి తెలిసింది. షావుకారు గారు కూడా కుర్చీ తెప్పించుకుని కూర్చున్నారు. రొయ్యల కంపెనీ సంగతి మా ఇంట్లో మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

నాన్న ఆ పూట ఊరికి వెళ్లలేదు. సంచి షెడ్డు మూల పెట్టి, లుంగీ ఎగ్గట్టి, కారు కిందికి దూరాడు. జీడినూనెను ఎలా వదిలించాలో ఆయనకే తెలుసు. కిరసనాయిలు, పొయ్యి బూడిద, కొబ్బరిపీచు. మూడు రోజులు మేమిద్దరం రేకును తోమాం. మేస్త్రి గారు కొబ్బరినూనె పట్టించిన చెయ్యిని ఒళ్లో పెట్టుకుని పక్కన పీట మీద కూర్చుని, ఆ నూనె గురించి మా నాన్నను ప్రశ్నల మీద ప్రశ్నలు అడిగారు. ఏ చెక్కకు ఎన్ని పూతలు, ఎన్నాళ్లు ఎండాలి, ఉప్పునీటికి ఎన్నేళ్లు ఆగుతుంది. నలభై ఏళ్లు మేస్త్రి అనిపించుకున్న మనిషి చేపలు పట్టే మనిషిని అలా అడగడం నేను ఎక్కడా చూడలేదు. మా నాన్న కూడా చూసి ఉండడు. మొదట ఒక్కో మాటే చెప్పాడు. మూడో రోజుకు ఆయనే చేతులు తిప్పుతూ పాఠం చెబుతున్నాడు. ఆఖరికి బ్యాటరీ పెట్టెకూ రేకుకూ మధ్య గుగ్గిలం చెక్క పట్టీలు వెయ్యాలని మేస్త్రి గారు నిశ్చయించారు. వాటికి జీడినూనె పట్టించింది మా నాన్న. పదిహేను రోజులు ఎండబెట్టి, తనే స్వయంగా గీకి చూసి, ఇక ముట్టుకోవచ్చు బాబూ అన్నాడు. ఆ పట్టీలు ఇప్పటికీ ఆ కారులో ఉన్నాయి.

నాన్న వెళ్లాక ఒక సాయంత్రం మేస్త్రి గారు నన్ను పిలిచి, మానుతున్న చెయ్యి చూపించారు. "నువ్వు రాసింది తప్పు కాదు, తెలీక రాసినావు. రెండ్రోజులు ఈ సెయ్యి సూత్తా ఊరుకున్నావు సూడు, అదీ తప్పు," అన్నారు. నేను ఊరుకున్న సంగతి ఆ తరువాత ఎన్నడూ ఎత్తలేదు. ఆ మాటతో నేను ఇప్పటికీ పని చేస్తున్నాను. ఏ బోల్టు మర చెడగొట్టినా, ఏ వైరు తప్పు కలిపినా, కారు యజమాని కనుక్కునేలోగా నేనే చెబుతాను. ఒకటి రెండు చోట్ల తిట్లు తిన్నాను. కానీ రాత్రి నిద్ర పడుతోంది.

ఎండాకాలం అయ్యేసరికి కారు నడిచింది. మొదటిసారి రోడ్డెక్కినప్పుడు మేస్త్రి గారు స్టీరింగు నాకిచ్చి, వెనక సీటులో ఎడమవైపు కూర్చున్నారు. గోపాల్‌పూర్ వైపు పోనిమ్మన్నారు. మోటారుకు చప్పుడు లేదు. నేను ఆయన ముఖం అద్దంలో చూస్తున్నాను. సంతోషిస్తారనుకుంటే, నొసలు ముడిచి చెవి రిక్కించి కూర్చున్నారు. "ఇన్నేళ్లూ ఇంజను నోరు పెద్దది," అన్నారు కాసేపటికి. "ఇప్పుడు ఇయ్యన్నీ మాటాడుతున్నాయి." అద్దం దించే పిడి గలగలమంటోంది. వెనక తలుపు గడియ కొట్టుకుంటోంది. సీటు స్ప్రింగు ఒకటి కిర్రుమంటోంది. పెట్రోలు ఇంజను రోజుల్లో ఎవరికీ వినబడని చప్పుళ్లు. పని అయిపోయిందనుకున్న నేను ఇంకో పద్దెనిమిది రోజులు ఆ చప్పుళ్ల వెంట తిరిగాను. ఎవరు వింటారండీ అని ఒకసారి విసుక్కున్నాను. వెనక కూర్చున్నవాళ్లు వింటారన్నారు.

తనిఖీకి తీసుకెళ్లినప్పుడు రవాణా ఆఫీసులో అధికారి బానెట్ ఎత్తించి, వరసగా కట్టిన నారింజరంగు కేబుళ్లను చాలాసేపు చూసి, ఈ వైరింగు ఎవరు చేశారని ఒడియాలో అడిగారు. మేస్త్రి గారు నా వైపు చెయ్యి చూపించి, నా పేరు, మా నాన్న పేరు, మా ఊరు పేరు చెప్పారు. అక్కడే ఆగకుండా, రేకు మీద రంగు ఒకసారి చెడగొట్టింది కూడా ఈ పిల్లేనని చెప్పారు. అధికారి నవ్వి సంతకం పెట్టారు. ఆరు నెలలు ఆ వారంలోనే నిండాయి. పనికొస్తావని ఆయన చెప్పలేదు. మర్నాడు షెడ్డు తాళంచెవుల్లో ఒకటి నా టిఫిను డబ్బా పక్కన పెట్టి ఉంది.

తరువాతి ఏళ్లలో ఆయన గుండె బలహీనపడింది. కుర్చీలో కూర్చుని చెప్పేవారు, నేను చేసేదాన్ని. నాకు తెలియనిది తెలియదని చెప్పే ధైర్యం ఆ కుర్చీ పక్కనే వచ్చింది. కొందరు పెద్దవాళ్లు నేర్పినదాన్ని లెక్కపెట్టి గుర్తుచేస్తుంటారు. ఆయన నాకు ఏం నేర్పారో ఆయనకే తెలియదనిపిస్తుంది. నా దగ్గర నేర్చుకున్నది మాత్రం వచ్చినవాళ్లందరికీ చెప్పేవారు.

నేను ఖల్లికోట నుంచి చేరేటప్పటికి ఇంటి ముందు జనం. షావుకారు గారు ఆ ఆకుపచ్చ కారు తెచ్చి నిలబెట్టారు. పాడె వెనకాల ఆ కారు రావాలని పెద్దమ్మ అడిగారట. షావుకారు గారు రెండుసార్లు ప్రయత్నించారు గాని, మనుషుల నడక వేగానికి దాన్ని నడపలేకపోతున్నారు. తొక్కితే ఉరుకుతోంది, వదిలితే ఆగుతోంది. ఆ పెడల్‌ను అంత నెమ్మదిగా పట్టడం నాకు అలవాటు. నేను నడుపుతానన్నాను. బంధువుల్లో ఒక పెద్దాయన, ఆడవాళ్లు శ్మశానం దారి పట్టకూడదమ్మా అన్నారు. ఆయన మాటకు ఎదురు చెప్పే ఉద్దేశం నాకు లేదు. పక్కకు తప్పుకున్నాను.

పెద్దమ్మ గుమ్మంలో కూర్చుని ఉన్నారు. ఆవిడ గొంతు పెంచలేదు.

"నాను ఆడపిల్లని పంపడం నేదు బాబూ," అన్నారు. "మేస్త్రిని పంపుతున్నాను."

షావుకారు గారు వచ్చి తాళంచెవి నా చేతిలో పెట్టారు.

ముందు నిప్పుకుండ పట్టినాయన, తరువాత పాడె, దాని వెనక నేను. పాడె పక్కన నడుస్తున్నాయన పేలాలు తీసి పైకి చల్లుతున్నాడు. ఒక్కసారి ఎదురుగాలి వీచి ఆగిపోయింది. ఇంటి ముందు చల్లిన మొదటి గుప్పెడు పాడె దాటి వచ్చి నా బానెట్ మీద పడింది. కారు కదులుతోందో లేదో తెలియక వెనక నడిచేవాళ్లు మాటిమాటికీ చక్రాల వైపు చూస్తున్నారు. నేను ముందుకే చూస్తున్నాను. బజారు దాటాం, రైలు గేటు దాటాం, గతుకుల రోడ్డు మీద కొంత దూరం వెళ్లాం. శ్మశానం గేటు దగ్గర ఆపాను. మగవాళ్లు లోపలికి వెళ్లారు. నేను కారులోనే కూర్చున్నాను. ఎదురుగా లేత ఆకుపచ్చ బానెట్ మీద, ఇంటి ముందు ఎలా పడ్డాయో అలాగే, తెల్లటి పేలాలు ఒక్కటీ చెదరకుండా ఉన్నాయి.